అంచున పెన్సిల్ రాత

"ప్రణవీ, మీ నాన్నని భోజనానికి రమ్మను," అంది అరుణశ్రీ వంటింట్లోంచి.

వంటింటికీ హాలుకీ మధ్య ఆరడుగుల దూరం కూడా లేదు. సింగపూర్ పుంగ్గోల్‌లోని ఆ పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో గొణుక్కున్నా అన్ని గదులకీ వినబడుతుంది. అయినా బుధవారం నుంచీ మొగుడూపెళ్ళాల మాటలన్నీ పద్నాలుగేళ్ళ పిల్ల మీదుగానే ప్రయాణం చేస్తున్నాయి.

"డాడీ, మమ్మీ లంచ్‌కి రమ్మంటోంది."

"ఆకలి లేదని చెప్పు," అన్నాడు పృథ్వీ, సోఫాలోంచి తల ఎత్తకుండా.

"మమ్మీ, నాట్ హంగ్రీ అంట. ఐయో, నేనేమన్నా వాట్సాపా? కెన్ యు బోత్ జస్ట్ టాక్ లా!" ప్రణవి బ్యాగులో చెయ్యి పెట్టి వెతికి, ఇంకా విసుక్కుంది. "నా డ్రాయింగ్ పెన్సిల్ ఎవరు తీశారు? ఇది మూడోది! నానమ్మా, నువ్వు చూశావా?"

"నాకెందుకమ్మా పెన్సిళ్ళు," అంది రత్తమ్మ, ఒళ్ళో పళ్ళెంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

పిల్ల విసవిసా ట్యూషన్‌కి వెళ్ళిపోయింది. తలుపు మూసుకోగానే ఇంట్లో రాయబారి లేకుండా పోయింది. ఫ్యాను తిరుగుతోంది. పృథ్వీ ఒళ్ళో ఆఫీసు సంచి ఉంది, దాని జిప్పు మీద అతని చెయ్యి ఉంది. ఆ సంచిలో పుస్తకం ఉందని ముగ్గురికీ తెలుసు.

"ఇవాళ నేనూ వస్తున్నాను," అన్నాడు గాలితో చెబుతున్నట్టు.

చెప్పడానికి మనిషి లేక అరుణశ్రీ తనే అడగాల్సొచ్చింది. "ఎక్కడికి?"

"మీ వైన్ షాపుకి."

"అది వైన్ షాపు కాదు. వైన్ తయారుచేసే చోటు. నెలకోసారి అక్కడ కూర్చుని పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఎనిమిది నెలల నుంచీ మీకు తెలుసు."

"మాట్లాడుకుంటే ఎవడు కాదన్నాడు? మీరు రాసుకుంటున్నారు." ఫోను తీసి, బుధవారం తీసిన ఫొటో పెద్దది చేశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చదివాడు. "'నీ రాతలో నెలనెలా అలసట ఎక్కువవుతోంది. ఎందుకని ఎవరైనా అడిగారా?' ఇది పెన్సిల్‌తో వాడు రాసింది. నువ్వంటున్నాడు నిన్ను! కింద నీ వంకాయరంగు ఇంకు. 'మీలాంటి మనిషి మా ఇంట్లో ఒక్కరుంటే, నేనిలా పుస్తకం అంచుల్లో మాటలు వెతుక్కునేదాన్ని కాదు.' ఎవడు వాడు?"

"నాకు తెలీదు."

"తెలీకుండానే మీలాంటి మనిషా?"

"తెలీదు కాబట్టే," అంది అరుణశ్రీ. అనేశాక తనే భయపడింది.

రత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది.

"ఇవాళ ఎవరి రాత వాళ్ళు పైకి చదువుతారటగా. చదవనీ. నేనూ వింటాను," అన్నాడు పృథ్వీ.

"నేనూ వస్తానురా," అంది రత్తమ్మ.

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. నాలుగు రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

"అక్కడ నీకేం పనమ్మా? పుస్తకాల గోల. నీకు విసుగు."

"ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే విసుగు కాదా? మీ పోట్లాటకి కాస్త దూరంగా కూర్చుంటాలే. ఆ బిస్కెట్టు రంగు చీర ఇస్త్రీ చేసే ఉంది." ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఇక వాదించడానికి ఎదురుగా మనిషి లేదు.

*

క్లబ్బులో నలుగురు. పుస్తకం ఒక్కటే.

ఆ ఒక్క పుస్తకమూ సాయిబాబుది. పదేళ్ళ కిందట షిప్‌యార్డు పనికి వచ్చినప్పుడు ఇంటి నుంచి పెట్టెలో తెచ్చుకున్నాడు. అట్ట ఊడిపోయింది. మొదటి ఆరు పేజీలు లేవు, కాబట్టి నవల పేరూ తెలీదు, రాసినవాళ్ళ పేరూ తెలీదు. ఉప్పుమడుల్లో పనిచేసే సూరమ్మ అనే ఆవిడ ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేసిన కథ అది. దాన్ని తలా ఒక వారం చదవాలి. చదివేటప్పుడు తోచింది తన ఇంకుతో అంచుల్లో రాయాలి. రాసి పక్కవాళ్ళకి ఇవ్వాలి. పుస్తకం అయిపోయేదాకా ఏ రంగు ఎవరిదని అడగకూడదు. అయిపోయిన రోజున ఎవరి రాత వాళ్ళు నిలబడి పైకి చదవాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గొంతులిచ్చే రోజు.

రెండో నెల నుంచీ అంచుల్లోకి పెన్సిల్ వచ్చింది.

నలుగురికీ నాలుగు ఇంకులున్నప్పుడు పెన్సిల్ ఎవరిదని లెక్కపెడితే ఏదో ఒకటి తేలేది. లెక్కపెట్టడం అరుణశ్రీకి ఇష్టం లేకపోయింది. నలుగురిలో ఎవరో రెండు రకాలుగా రాస్తున్నారని సరిపెట్టుకుంది. సూరమ్మకి మూగతనం పట్టుకుందని ఊరంతా అనుకునే పేజీలో పెన్సిల్ ఇలా రాసింది: "ఆవిడ మాట్లాడ్డం మానేసిందంటున్నారు. అడగడం మానేసింది వాళ్ళు." ఆ రోజు బ్యాంకు నుంచి వస్తూ ఎల్‌ఆర్‌టీ రైల్లో ఆ రెండు వాక్యాలూ చదివి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి, బండి గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేదాకా కూర్చుండిపోయింది. కిటికీ అద్దంలో ఒక మనిషిని ఊహించుకుంది. పొట్టి చేతుల చొక్కా, నెమ్మదైన మాట, ఎదుటివాళ్ళు వాక్యం పూర్తిచేసేదాకా ఆగే ఓపిక. మొహం మాత్రం ఎప్పుడూ స్పష్టంగా రాలేదు. రాకపోవడమే బాగుండేది.

దాన్ని ప్రేమ అనొచ్చా? నలభై రెండేళ్ళ వయసులో, ఇంటి రుణం కాయితాలు చూసే ఉద్యోగంలో ఉండి, ఒక పెన్సిల్ గీతని ప్రేమించడమేమిటని మనం నవ్వొచ్చు. ఆమె కూడా నవ్వుకుంది. నవ్వుకుంటూనే నెలనెలా ఆ పుస్తకం తన వంతు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంది.

*

వైనరీ ఉన్న వుడ్‌ల్యాండ్స్ చేరేసరికి వాన మొదలైంది. టాక్సీలో ముందు సీట్లో పృథ్వీ, వెనక అత్తాకోడళ్ళు. డ్రైవరే రేడియో పెంచాడు.

వైనరీ ఒక పాత గోదాము. లోపల అడుగుపెడితే బయటి ఎండావానా ఏదీ గుర్తుండదు. ఒకటే చల్లదనం, ఒకటే మసక వెలుగు. వరసగా చెక్క పీపాలు, వాటి వెనక స్టీలు ట్యాంకులు. వాటిల్లో అనాస, రాంబుటాన్, ద్రాక్ష పులుస్తుంటాయి. మూతల మీద గాజు గొట్టాల్లోంచి బుడగలు ఒక్కొక్కటే పైకొస్తాయి. గుబుక్కుమని ఒకటి, కాస్సేపాగి ఇంకొకటి. అరుణశ్రీకి ఆ చప్పుడంటే ఇష్టం. ఎవరో నిద్రలో మాట్లాడబోయి మానుకుంటున్నట్టు ఉంటుంది.

"పండిన పనసకాయ గదిలో పెట్టి తలుపేసినట్టుందే," అంది రత్తమ్మ గాలి పీల్చి, సంతోషంగా.

షిప్‌యార్డు వదిలేశాక సాయిబాబుకి ఉద్యోగం ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నం యజమాని టే గారు ఈ మూలని వీళ్ళకి వదిలేసి పైగదిలో కునుకు తీస్తాడు. సాయిబాబు రెండు కుర్చీలు ఎక్కువ వేశాడు. "రండి అమ్మగారూ, ఇలాగ కూర్చోండి. అక్కడ తడి," అన్నాడు. ఒక చిన్న గ్లాసు పృథ్వీ ముందు పెట్టాడు. "అనాసపండుదండి. నిన్ననే ఒడకట్టాం."

పృథ్వీ గ్లాసు ముట్టుకోలేదు. సాయిబాబు చేతుల్ని చూశాడు. ఆ చేతులు పెన్సిల్ పట్టుకుంటే ఎలా ఉంటాయోనని కొలుస్తున్నాడని అరుణశ్రీకి అర్థమైంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

కేశవరావుగారు డెబ్బై దాటినవాడు, ముప్పై ఏళ్ళుగా సింగపూర్‌లోనే ఉన్నవాడు. ఆయన లేచి నమస్కారం చేశాడు. "మీవారా అమ్మా? మంచి రోజున తీసుకొచ్చావు. పుస్తకం తెచ్చారా?"

"నా దగ్గరుందండి," అన్నాడు పృథ్వీ. సంచిలోంచి తీసి పీపా మీద పెట్టి, పైన చెయ్యి ఆన్చాడు.

సుస్మిత ముందు పుస్తకం అందుకుని చదివింది. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ నుంచి సరాసరి వచ్చింది. ఆకుపచ్చ ఇంకు ఆమెది. చదివేటప్పుడు ఆవులింత ఆపుకుంటూ నవ్వింది. తర్వాత కేశవరావుగారు. నీలం ఇంకు, పెద్ద పెద్ద వాక్యాలు, తన ఉపన్యాసం తనకే ముచ్చటేసినట్టు మధ్యలో ఆగి తలాడించుకున్నాడు. తర్వాత సాయిబాబు నల్ల ఇంకు.

"నేను రాసినవి తక్కువేనండి," అని గొంతు సవరించుకున్నాడు. "'సూరమ్మ మడి గట్టు మీద నిలబడి సముద్రం వేపు చూడ్డం నాకు తెలుసు. మా అమ్మ అలాగే చూసేది.' అంతేనండి. ఇంకొకచోట 'బాగుంది' అని రాశాను. పద్నాలుగు చోట్ల 'బాగుంది' అనే ఉంటాది."

అందరూ నవ్వారు. పృథ్వీ నవ్వలేదు. "మరి పెన్సిల్?" అన్నాడు.

"పెన్సిల్ నాది కాదండి. కేశవరావు సార్ది అనుకున్నాను."

"నాదా? నేను సుస్మితది అనుకున్నానే!"

"నేను అక్కదే అనుకున్నా," అంది సుస్మిత అరుణశ్రీని చూపిస్తూ. "బాగా అలిసిపోయినప్పుడు పెన్సిల్‌తో రాస్తుందేమో అని."

ఎవరి మొహంలోనూ అబద్ధం లేదు. గాజు గొట్టంలో ఒక బుడగ పగిలింది. అరుణశ్రీ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. అయితే ఆ పొట్టి చేతుల చొక్కా మనిషి ఎవరు? ఇన్ని నెలలుగా తను ఎవరితో మాట్లాడుతోంది?

"నాటకాలొద్దు," అన్నాడు పృథ్వీ. గొంతు లేచింది. "పుస్తకం తిరిగేది మీ నలుగురి చేతుల్లోనే. గాలి వచ్చి రాసిపోయిందా? ఇదిగో, ఈ పేజీ. దీనికి గొంతు ఎవరిదో ఇప్పుడే తేలాలి."

పుస్తకం లాక్కుని, పేజీ మడత పెట్టుకున్న చోట తెరిచాడు. తెరిచి, చదవబోయి, ఆగిపోయాడు.

అరుణశ్రీ వంకాయరంగు వాక్యం కింద, బుధవారం ఖాళీగా ఉన్న చోట, ఇంకో పెన్సిల్ వాక్యం ఉంది.

ఫోను తీసి ఫొటో చూశాడు. పేజీ చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. ఫొటోలో ఆ వాక్యం లేదు. బుధవారం నుంచి పుస్తకం తన సంచి దాటి వెళ్ళలేదు. సంచి ఆఫీసుకి తనతో వచ్చింది, తనతోనే తిరిగొచ్చింది. ఒక్క నిన్న పొద్దున మాత్రం ఇంట్లో వదిలి బ్యాడ్మింటన్‌కి వెళ్ళాడు.

"నిన్న పొద్దున నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు భార్యని. ఈసారి గొంతులో కోపం లేదు.

"ప్రణవిని డాన్సు క్లాసుకి తీసుకెళ్ళాను. మీకు తెలుసుగా."

"మరి ఇంట్లో ఎవరున్నారు?"

ఇద్దరూ మెల్లగా కుర్చీ వైపు తిరిగారు. రత్తమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, అందులోంచి కళ్ళద్దాలు తీసి, బిస్కెట్టు రంగు చీర చెంగుతో తుడుచుకుంటోంది. కళ్ళద్దాలతో పాటు ఒక పొట్టి పెన్సిల్ కూడా పైకొచ్చింది. ప్రణవిది, చివర కొరికి ఉంది.

"ఇటివ్వరా," అని చెయ్యి చాపింది.

పృథ్వీ పుస్తకం ఇచ్చాడు. అతనికి ఇంకేం చెయ్యాలో తోచలేదు.

రత్తమ్మ తడబడకుండా, ఒక్క అక్షరం కూడబలుక్కోకుండా చదివింది. "'ఉన్నారు. పక్కనే ఉన్నారు. నువ్వే చూడలేదు.'" పుస్తకం కాస్త దూరం పెట్టుకుని, కోడలి వైపు చూసింది. "ఇది నేను రాసిందే అమ్మాయ్. మిగతావీ నేను రాసినవే. నువ్వు పుస్తకం వేరేవాళ్ళకి ఇచ్చే ముందురోజు రాసేదాన్ని. మళ్ళీ నెలకి గానీ నీకు కనబడేది కాదు."

"అమ్మా, నీకు చదవడం వచ్చా?" అన్నాడు పృథ్వీ. ఆ క్షణాన అతను నలభై అయిదేళ్ళ మనిషిలా లేడు.

"ఎనిమిదో తరగతి దాకా చదివానురా."

"మరి నా చేత చదివించుకునేదానివి! వారంవారం పత్రికలో ఆ సీరియలు... నీకు రాదనే కదా నేను..."

"నువ్వు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు వచ్చి, అమ్మా నీకు రాదుగా, నేను చదివి పెడతానన్నావు. వచ్చంటే మానేస్తావని ఊరుకున్నాను. అరుగు మీద నా పక్కన కూర్చుని నువ్వు చదువుతుంటే ఎంత బాగుండేదో నీకేం తెలుసు." కళ్ళద్దాలు సరిచేసుకుంది. "పదో తరగతిలో మానేశావు. సూర్యం మాస్టారి ట్యూషన్లన్నావు. అప్పటికి నాకొచ్చని చెప్పుకోడానికి సిగ్గేసింది. అలా ఉండిపోయింది."

కేశవరావుగారు పెద్దమనిషి. ఉన్నట్టుండి లేచి, "సాయిబాబూ, ఆ రాంబుటాన్ ట్యాంకు చూపిస్తానన్నావు కదా, పద. సుస్మితా, నువ్వూ రా అమ్మా," అన్నాడు. ముగ్గురూ పీపాల వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ అడుగుల చప్పుడు వానలో కలిసిపోయింది.

అరుణశ్రీకి ముందు మొహమంతా మండిపోయింది. తర్వాత, ఎవరికీ చెప్పుకోలేని చిన్న దుఃఖం కలిగింది. ఆ పొట్టి చేతుల చొక్కా మనిషి ఇక లేడు. ఎల్‌ఆర్‌టీ కిటికీ అద్దంలో ఆయన ఇంకెప్పుడూ కూర్చోడు. ఆ దుఃఖం వెనకాలే ఒక పెన్సిల్ వాక్యం గుర్తొచ్చింది. "ఈ పేజీ చదివేటప్పుడు బయట నిజంగానే వాన పడింది. కిటికీ వెయ్యబుద్ధి కాలేదు." మార్చి నెలలో ఒక సాయంత్రం హాల్లో చాప మొత్తం తడిసి ముద్దయితే, కిటికీ వెయ్యాలని కూడా తెలీదా అత్తయ్యా అని తను కసురుకుంది. ఆవిడ ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి నేల తుడిచింది. అదే వారం అంచున ఆ వాక్యం రాసింది. తర్వాతి నెల తను దాని కింద వంకాయరంగు ఇంకుతో, "ఎంత అదృష్టవంతులో మీరు" అని రాసింది.

"అత్తయ్యా, పెన్సిల్ ఎందుకు? ఇంట్లో అన్ని పెన్నులున్నాయి," అంది. ఆ సమయంలో అడగాల్సింది అది కాదని తెలుసు. గొంతుకి అదే దొరికింది.

"ఎవరికైనా అభ్యంతరమైతే చెరిపెయ్యొచ్చని," అంది రత్తమ్మ.

పృథ్వీ పీపా మీదున్న గ్లాసు అందుకున్నాడు. తాగలేదు, చేతిలో పట్టుకుని తిప్పాడు. "అమ్మ సంగతి అమ్మకీ నాకూ ఉంది, అది తర్వాత," అన్నాడు. "నువ్వు రాసింది మాత్రం అలాగే ఉంది కదా అరుణా. మా ఇంట్లో ఒక్కరుంటే అన్నావు. ఆ ఇంట్లో నేనున్నాను."

"ఉన్నారు."

"ఒక్కటే అడుగుతాను. ఆడమనిషని అనుకుని రాశావా, మగవాడనుకుని రాశావా?"

రత్తమ్మ కోడలిని చూసింది. ఆ చూపులో ఒక దారి ఉంది. ఎవరో పెద్దావిడ అనుకున్నానండీ అంటే అయిపోతుంది. మొగుడు నమ్ముతాడు, నమ్మాలనే ఉంది అతనికి. నవ్వుకుంటూ టాక్సీ ఎక్కొచ్చు, దారిలో ప్రణవికి ఫోన్ చేసి హాకర్ సెంటర్‌లో భోజనానికి రమ్మనొచ్చు. అత్తగారు జన్మలో ఈ మాట ఎత్తదు.

గాజు గొట్టంలో బుడగ ఒకటి కదిలింది, పైకి రాకుండా ఆగింది.

"మగవాడనుకునే రాశాను," అంది అరుణశ్రీ.

వాన రేకుల మీద ఒకే తీరున పడుతోంది. పృథ్వీ గ్లాసు కింద పెట్టాడు. లేచి వెళ్ళిపోతాడనుకుంది. అతను వంగి తల్లి ఒళ్ళోంచి పెన్సిల్ తీసుకున్నాడు. పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు.

తెలుగులో రాసి ఎన్నేళ్ళయిందో. కొరికిన పెన్సిల్‌ని గట్టిగా నొక్కి, చిన్నపిల్లాడిలా నాలిక పంటి కింద పెట్టుకుని, ఆగి ఆగి రాశాడు. ఒకచోట తప్పు పోయింది, వేలికి తడి చేసి రుద్దాడు. కాగితం కాస్త లేచింది. మళ్ళీ రాశాడు. పుస్తకం మూసి తెచ్చి భార్య చేతుల్లో పెట్టాడు.

"చదువమ్మాయ్," అంది రత్తమ్మ మెల్లగా. "పైకి చదువు. ఇవాళ్టి రివాజు అదేగా."

అరుణశ్రీ పేజీ తెరిచింది. అత్తగారి వాక్యం కింద, అంచు మలుపు తిరిగే చోట, వంకరటింకర అక్షరాలున్నాయి. మొదటిసారి మనసులో చదువుకుంది. రెండోసారి పైకి చదివింది.

"'నేను ఏ పేజీ దగ్గర ఆగిపోయాను?'"

ఆమెకి జవాబు తెలుసు. పేజీ తెలుసు, సంవత్సరం తెలుసు, ఆ రోజు వేసుకున్న చీర కూడా గుర్తుంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అలవాటు చొప్పున ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళి వంకాయరంగు పెన్ను కోసం తడిమింది.

పృథ్వీ ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"రాయకు అరుణా," అన్నాడు. "చెప్పు."